ఆ జీమెయిల్ ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: మావారు దుబాయ్‌లో పని చేస్తారు. ఫోన్ కొన్నప్పుడు మొబైల్ షాపు అబ్బాయే జీమెయిల్ తెరిచి ఇచ్చాడు. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, పిల్లల ఫొటోలు అన్నీ గూగుల్ ఫొటోస్‌లోనే ఉన్నాయి. మొన్న మా మరిది కొడుకు ట్యాబ్‌లో నా ఫొటోలన్నీ కనిపించాయి. గూగుల్ వాళ్లు కూడా ఇలాగే చూస్తుంటారా? అన్నీ డిలీట్ చేసేయనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: ముందు డిలీట్ జోలికి పోకండి. బ్యాకప్ ఆన్‌లో ఉండగా ఆ యాప్‌లో ఫొటో తీసేస్తే ఫోన్‌లోంచీ, క్లౌడ్‌లోంచీ (అంటే గూగుల్ దగ్గరున్న కాపీ) కూడా పోతుంది.

ట్యాబ్ సంగతి హ్యాకింగ్ కాకపోవచ్చు. ఏదో గేమ్ కోసం ప్లేస్టోర్‌లో మీ మెయిల్‌తో లాగిన్ అయి ఉంటారు. పిల్లాణ్ని తిట్టకండి. నాకు అసలు అనుమానం షాపు దగ్గరే. అక్కడ అకౌంట్ తెరిచేటప్పుడు రికవరీ నంబరుగా తమ నంబరే కొట్టేయడం మామూలే. దురుద్దేశం అక్కర్లేదు, కౌంటర్ దగ్గర తొందర చాలు. కానీ 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే కోడ్ వెళ్లేది ఆ నంబరుకే.

ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ రెండూ చూడండి. మీవి కాకపోతే వెంటనే మార్చి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. 'యువర్ డివైసెస్'లో ఆ ట్యాబ్‌ను సైన్ అవుట్ చేయండి. నంబరు మార్చాక కూడా ఓ వారం పాత నంబరుకు కోడ్ వెళ్లే వీలుంది, అందుకని ఆ వారం వచ్చే అలర్టులు వదిలేయకండి.

ఇక గూగుల్ మాట. మీ ఫొటోలు అక్కడ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి, అంటే తాళం లేనివాళ్లకు అర్థంకాని రూపంలో. కాకపోతే బ్యాంకు లాకర్‌కైతే మీ తాళంచెవి కూడా కావాలి, ఇక్కడ తాళం వేసేదీ తీసేదీ కంపెనీయే. అందుకే 'పెళ్లి' అని వెతికితే పెళ్లి ఫొటోలు తీసివ్వగలదు, పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తిరిగివ్వగలదు, చట్టప్రకారం ఆదేశం వస్తే ప్రభుత్వానికీ ఇవ్వగలదు. అంతేగానీ ఎవరో కూర్చుని మీ ఆల్బమ్ తిరగేస్తున్నారని కాదు.

వాట్సాప్ చాట్ బ్యాకప్‌కు మాత్రం తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. 2021 నుంచి 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్' ఉంది, మనమే ఆన్ చేసుకోవాలి. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే వాట్సాప్ కూడా ఏమీ చేయలేదు. మీవారితో మాట్లాడుకునేదంతా అందులోనే ఉంటుంది కాబట్టి చేసుకోమనే అంటాను.

నా మటుకు నేను ఫొటోలు క్లౌడ్‌లోనే ఉంచుతాను, భూమి కాగితాలు ఉంచను. పాస్‌బుక్ ఫొటో గూగుల్ ఫొటోస్‌లోనే ఉండే లాక్డ్ ఫోల్డర్‌లో వేసి, దాని బ్యాకప్ ఆఫ్‌లో ఉంచితే ఫోన్ దాటిపోదు. అయితే ఫోన్ పోతే అదీ పోతుంది, అసలు పుస్తకం బీరువాలో ఉందిగా! జిరాక్స్ షాపుకు పంపాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపండి.

2023 డేటా రక్షణ చట్టం ఉందిగా అంటారేమో. ఇంట్లోవాళ్లు సొంతానికి వాడుకునే డేటాకు అది వర్తించదు. కాబట్టి ట్యాబ్ పంచాయితీ మీరే తేల్చుకోవాలి. చెప్పకుండా సైన్ అవుట్ చేస్తే "ఏం దాస్తోంది?" అన్న మాట వస్తుంది. ముందే మీ తోటికోడలితో, "వాడికి వేరే మెయిల్ చేద్దాం, నా ఫొటోలతో ట్యాబ్ నిండిపోతోంది" అనండి. పదమూడేళ్ల లోపువాడైతే పిల్లల అకౌంట్లను పెద్దలు చూసుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌తో వాళ్లమ్మే చేసి ఇవ్వచ్చు.