ముందు సున్నంతో గీయించు

చిన్నా,

నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చూశాను. విశాఖ ఎంవీపీ కాలనీలో మీ వీధి ఎలాగూ తవ్వి కొత్తగా వేస్తున్నారు కాబట్టి, బళ్లు తిరిగే రోడ్డుని ఇప్పుడే కాస్త సన్నం చేయిద్దామని అసోసియేషన్‌లో నువ్వు పట్టుబట్టడం నాకు చాలా నచ్చింది. రైతు బజార్ పక్క వీధైతే నేనే వద్దనేవాణ్ణి. మీది పెద్దగా బళ్లు తిరగని వీధి, కానీ డ్రైన్ నుంచి డ్రైన్ దాకా తారు పరిచేసరికి వచ్చే ఆ కొద్ది బళ్లూ బీచ్ రోడ్డు మీద పోయినట్టే పోతున్నాయి. ఎదురుగా అంత ఖాళీ కనిపిస్తే ఎవరూ బ్రేక్ మీద కాలు పెట్టరు.

నీ ప్లాన్‌లో బళ్లకి 24 అడుగులు ఉంచి ఫుట్‌పాత్‌లకి మూడేసి అడుగులు వదిలారు. అది తిరగరాయించు. మూడడుగుల ఫుట్‌పాత్‌లో ఒక కరెంటు స్తంభం వస్తే ఇక మనిషి దిగి రోడ్డు మీదే నడవాలి. రోడ్ల కొలతలకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పేది అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు. గోడ నుంచి గోడకి ఉన్న మీ 40 అడుగుల్లో డ్రైన్లకి 3, ఫుట్‌పాత్‌లకి 12, ఒక పక్క కార్లు ఆపుకోవడానికి 7 పోను 18 మిగులుతుంది. అది చాలు. రెండు కార్లు ఎదురైతే రెండూ నెమ్మదించి తప్పుకుంటాయి, మనకి కావాల్సింది ఆ నెమ్మదే.

ఇక మీటింగ్‌లో గొడవ ఖాయం. ఇప్పుడు చెప్తున్నది జాగ్రత్తగా చదువు, నా 30 ఏళ్ల ఉద్యోగంలో తేల్చుకున్నది ఇదే: కాగితం చూపించి ఎవరినీ ఒప్పించలేవు. ఒక శనివారం సాయంత్రం సున్నంతో వీధంతా కొత్త అంచులు గీయించి, గీత వెంట ఇసుక బస్తాలు, ఖాళీ డ్రమ్ములు పెట్టించి రెండు వారాలు అలాగే వదిలెయ్. నీళ్ల ట్యాంకర్, చెత్త బండి, స్కూల్ బస్సు అన్నీ అందులోంచే వెళ్లాలి. ఫైరింజన్ ఎలా వస్తుందని తప్పకుండా అడుగుతారు. దాని వెడల్పు 8 అడుగుల పైచిలుకే, వీధిలోకి వచ్చాక ఇబ్బంది లేదు, ఇబ్బందంతా మూల మలుపు దగ్గరే. అందుకని మూల ఎంత గుండ్రంగా ఉండాలో ట్యాంకర్‌ని తిప్పించి, చక్రం తొక్కిన చోట గీత వెనక్కి జరుపుకుంటూ నేల మీదే ఖాయం చెయ్యి.

రోడ్డు తగ్గితే రేపు పై అంతస్తుకి పర్మిషన్ రాదేమోనని సొంత ఇళ్లవాళ్లు భయపడతారు. న్యాయమైన భయమే, ఇంటి ముందు రోడ్డు వెడల్పుని బట్టే ఎంత ఎత్తు కట్టాలో నిర్ణయిస్తారు కదా. మనం తగ్గిస్తున్నది బళ్లు తిరిగే వెడల్పు, వీధి హద్దు కాదు. జీవీఎంసీకి, అంటే నగరపాలక సంస్థకి, ఇచ్చే ప్లాన్ మీద గోడ నుంచి గోడకి 40 అడుగులు అని పెద్దక్షరాలతో రాయించి, ఇంటింటికీ ఒక కాపీ ఇవ్వు.

గేటు ర్యాంపులు అసలైన తలనొప్పి. అందరివీ డ్రైన్ దాటి రోడ్డు మీదకి వచ్చే ఉంటాయి. ప్రతి గేటు దగ్గర ఫుట్‌పాత్ దించి మళ్లీ లేపితే మీ అమ్మలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లు దాని మీద నడవనే నడవరు. ఫుట్‌పాత్ ఒకే ఎత్తులో సాగాలి, ఎత్తు 6 అంగుళాలు దాటకూడదు, కారు ఎక్కే వాలు దాని రోడ్డు వైపు అంచులో రావాలి. ఇందుకోసం ఒక్కో గేటు దగ్గరా నిలబడి మాట్లాడాల్సిందే, వాట్సాప్‌లో తేలే పని కాదు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ నీళ్ల గురించి. మా వీధిలో పాత రోడ్డు తియ్యకుండా దాని మీదే కాంక్రీటు పోసి వెళ్లిపోయారు, మొదటి పెద్ద వానకే మా హాల్లో మోకాలి కింద దాకా నీళ్లు నిలిచాయి. పాత పొరంతా తవ్వి తీసెయ్యాలని, కొత్త రోడ్డు పాతదానికన్నా అంగుళం కూడా లేవకూడదని ముందే రాయించు. పని మొదలవ్వకముందే ప్రతి ఇంటి గేటు మట్టం కొలిపించి గోడ మీద పెయింటు గుర్తు పెట్టించు. నడుమ నుంచి అంచుకి 2 అంగుళాల వాలు చాలు. మంచినీళ్ల పైపులు, కేబుళ్లు ఏవైనా మార్చాలంటే కాంక్రీటుకి ముందే మార్పించు.

చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పొయ్యనివ్వకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మన ఊళ్లో పడిపోయిన చెట్లు నువ్వూ చూశావు, వేరు పారడానికి చోటు లేని చెట్టు గాలికి నిలవదు. కొత్తవి వేస్తే పార్కింగ్ వరసలో రెండు మూడు కార్లకొకటి, నాలుగడుగుల చదరపు గుంట తీసి, వేపో కానుగో వెయ్యండి.

పని సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టించు, అక్టోబరు నవంబరు తుఫాన్లలో వీధి తవ్వి పెట్టుకోవద్దు. కాంక్రీటు పోశాక కనీసం 14 రోజులు నీళ్లు కట్టి ఉంచాలి, బరువు బళ్లని 28 రోజుల దాకా రానివ్వకు, ఎవరెంత తొందరపెట్టినా.

ఈ ఆదివారం పొద్దున్నే వస్తాను. సున్నం బస్తా తెప్పించి ఉంచు, 30 మీటర్ల టేపు నా దగ్గరుంది.

మావయ్య