లంకలో ఇంటి గురించి రాస్తున్న అమ్మాయికి

వెస్ట్ మాంబళం,
చెన్నై.

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. కోనసీమలో గోదావరి పాయల నడుమ నీళ్ళు చుట్టిన లంక, అక్కడ మీ పెదనాన్నగారి పెంకుటిల్లు, రెండు గదులు అతిథులకిచ్చి మిగతా ఇంట్లో వాళ్ళు సర్దుకోవడం, చుట్టూ కొబ్బరి, అరటి, కంద. వస్తువు బాగుంది. భాషకూ పేరు పెట్టనక్కర్లేదు. కానీ ఇన్ని పేజీల్లో ఒక్క మనిషీ ఒక్క పనీ చెయ్యలేదు. కొబ్బరాకులు ఊగాయి, గోదారి మెరిసింది, పెద్దమ్మగారు నవ్వుతూ వడ్డించారు. ఆ వడ్డించింది ఎన్నింటికి లేచి వండారు?

కుదిరితే ఈ ఆదివారం ముట్టుకాడు వెళ్ళిరా. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద దక్షిణచిత్ర మ్యూజియం ఉంది కదా, 1996లో తెరిచారు. దక్షిణాది పాత ఇళ్ళు అక్కడ కొలువుదీరి ఉంటాయి. ఆంధ్ర వైపు మన తీరం చుట్టిల్లు కూడా ఉంది. గుండ్రటి మట్టిగోడ, తుఫాను గాలికి చిక్కకుండా బాగా కిందికి దింపిన తాటాకు కప్పు. తీరిగ్గా చూడు. అది మ్యూజియం, దాని పని అది బాగానే చేస్తోంది. కానీ ఆ ఇంట్లో రేపు పొద్దున్న ఎవరూ పొయ్యి రాజెయ్యక్కర్లేదు. మీ పెదనాన్నగారింట్లో రాజెయ్యాలి. వానాకాలంలో కట్టెలు తడవకుండా ఎవరో దాచాలి. సిలిండరూ సిమెంటు బస్తా రేవు దాటి రావాలి. రాత్రిపూట అతిథి పిల్లాడికి జ్వరమొస్తే ఎవరో ఒకరు పడవవాణ్ణి నిద్ర లేపాలి. నువ్వేమో ‘సంప్రదాయాన్ని కాపాడుతున్నారు’ అని ప్రతి పేజీలోనూ రాశావు. ఎవరు కాపాడుతున్నారు, ఏ పూట, ఏం మానుకుని? నీ వ్యాసానికి కావలసింది ఆ జవాబులే.

అతిథుల గదుల్లో ఏసీ పెట్టారని ఫోనులో చెప్పావు. వ్యాసంలో మాత్రం దాచేశావు. నాకైతే అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది అదే. ఏసీ పెట్టాలా వద్దా, గదిలోనే బాత్రూం కట్టాలా, అరుగు అలాగే ఉంచాలా అని ఆ ఇంట్లో గొడవ జరిగే ఉంటుంది. ఎవరు ఏమన్నారో కనుక్కో. మనలాగా చెన్నైలో ఉంటూ ఊరిని తలుచుకునేవాళ్ళకి ఒక జబ్బుంది. మనం మారిపోవచ్చు, ఊరు మాత్రం మనకోసం అలాగే ఉండిపోవాలి. సెంట్రల్‌లో రాత్రి రైలెక్కి, రెండ్రోజులుండి తిరిగొచ్చేవాళ్ళ కోరిక అది. ఆ ఊళ్ళో ఉండేవాళ్ళది కాదు.

‘అప్పుడప్పుడు గోదారమ్మ గడప దాకా వచ్చి పలకరిస్తుంది’ అన్న వాక్యం కొట్టెయ్. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీరు పలకరింపు కాదు. బ్యారేజీ దగ్గర మట్టం 11.75 అడుగులకు చేరితే ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీకు జీతం పడే తారీఖు ఎలా గుర్తుంటుందో లంకవాళ్ళకి ఈ అంకెలు అలా గుర్తుంటాయి. ఒకటో హెచ్చరికకి ఇంట్లో ఏమేం అటకెక్కుతాయి, రెండోదానికి పశువుల్ని ఎక్కడికి తోలతారు, మూడోదానికి ఇంటి దగ్గర ఎవరు మిగులుతారు, ముందే గదులు బుక్ చేసుకున్నవాళ్ళకి ఫోను చేసి ఏం చెబుతారు, ఇవన్నీ అడుగు. 1986 ఆగస్టు వరద పెదనాన్నగారు చూసే ఉంటారు. నీళ్ళు ఎందాకా వచ్చాయో గోడ మీద చూపించమను. వరద ఒండ్రు తెచ్చి చేలో పోస్తుంది, అదే వరద గట్టు కోసి చెట్లతో సహా నేలను పట్టుకుపోతుంది. కోతలో ఎంత పోయిందని అడిగితే మొదట నవ్వి ఊరుకుంటారు. నువ్వు మాట మార్చకుండా కూర్చో. గదులు అద్దెకిద్దామన్న ఆలోచన ఎందుకొచ్చిందో అక్కడే బయటపడొచ్చు. లేదా కొబ్బరికాయ ధర దగ్గర బయటపడుతుంది. అంబాజీపేట మార్కెట్లో ధర పడిపోయిన వారం ఆ ఇంట్లో ఎంత టెన్షన్‌గా ఉంటుందో నీకు నాకంటే బాగా తెలియాలి.

అన్నట్టు, చెట్టెక్కి కొబ్బరికాయల దింపు తీసే మనిషి ఏడీ? అతిథులు చెట్టు కింద నిలబడి ఫోటోలు తీసేది అతన్నే. అతనికి కూలి చెట్టుకి ఎంత, అతని కొడుకు ఈ పనిలోకి వచ్చాడా, ఇంకెక్కడికైనా పోయాడా? నీ వ్యాసంలో అతనికి ఒక పేజీ ఇవ్వు. సూర్యాస్తమయానికి ఇచ్చిన పేజీ ఖాళీ చేస్తే సరిపోతుంది.

పులస సంగతి ఒకటుంది. పుస్తెల సామెత తీసెయ్, అందరూ వాడి అరగదీశారు. అది వరదనీటికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప, జూలై నుంచి సెప్టెంబరు దాకానే దాని హడావిడి. మరి సంక్రాంతికి దిగిన అతిథి పులస పులుసు కావాలంటే పెద్దమ్మగారు ఏమంటారు? ఆవిడ అన్న మాట అన్నట్టే రాయి, యాస దిద్దకు. కనుమనాడు అతిథులందరినీ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పంపిస్తారని రాశావు. ఇంటివాళ్ళు వెళ్ళగలిగారా, లేక వీళ్ళు తిరిగొచ్చేసరికి వంట అవ్వాలని ఉండిపోయారా?

నువ్వు ఆ ఇంటి పిల్లవని, డబ్బు కట్టకుండా ఉండి వచ్చావని మొదటి పేజీలోనే చెప్పెయ్. అప్పులూ తగవులూ రాసేముందు వాళ్ళకి చదివి వినిపించు. వద్దన్నది తీసెయ్. వాళ్ళకి ప్రకటన రాసిపెట్టడం నీ పని కాదు, అలాగని నీ వ్యాసం బాగుండటం కోసం వాళ్ళ గదులు ఖాళీగా పడుండటమూ న్యాయం కాదు.

మళ్ళీ రాసి పంపు. ఫోనులో చదవలేను, ప్రింటు తీసి పోస్టు చెయ్. గది అద్దె రోజుకి ఎంతో, అందులో చేతికి మిగిలేది ఎంతో కూడా రాయి. పెదనాన్నగారు చెప్పకపోతే పెద్దమ్మగారిని అడుగు, లెక్కంతా ఆవిడ దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మాంబళం బాబాయి