గుమ్మం ముందు ఎవరూ చేతులు చాచలేదు

చిరంజీవికి ఆశీస్సులు.

విదేశీ సాయం మీద నీ వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ మూడో పేరాలో "చిన్న దేశాలు పెద్ద దేశాల గుమ్మం ముందు చేతులు చాచి నిలబడతాయి" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఎవరు నిలబడ్డారమ్మా? నౌరూ సంగతి చూడు. పసిఫిక్‌లో పట్టుమని 13 వేల మంది లేని ద్వీపదేశం. 2024 జనవరి 13న తైవాన్‌లో ఎన్నికలైతే, 15న నౌరూ తైవాన్‌తో దౌత్య సంబంధాలకు గుడ్‌బై చెప్పి చైనా వైపు తిరిగింది. ఐక్యరాజ్యసమితిలో తన ఓటుకు, గుర్తింపుకు విలువెంతో దానికి బాగా తెలుసు. అది బేరం. బేరమాడేవాణ్ణి బిచ్చగాడిగా రాస్తే అతణ్ణి అవమానించినట్టే.

ఇచ్చేవాళ్ల లెక్కలూ అంతే. 2014 డిసెంబరులో మాల్దీవుల రాజధాని మాలేలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో మంటలొస్తే మన విమానాలు, నౌకలు తాగునీళ్లు మోసుకెళ్లాయి. దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆపదలో ఇచ్చేది వేరు, ఏటా బడ్జెట్‌లో రాసుకునేది వేరు. మాల్దీవుల్లో 'ఇండియా అవుట్' అన్న నాయకుడు గెలిచాక, మన 2024-25 బడ్జెట్‌లో ఆ దేశానికి 400 కోట్లు పెట్టారు. ఆయన ఢిల్లీ వచ్చి రాజీపడ్డాక, మరుసటి ఏడాది 600 కోట్లు. ఎగుమతి, దిగుమతుల కోసం మన ప్రభుత్వం నడిపే ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇతర దేశాలకు ఇచ్చే అప్పులోనైతే మామూలుగా 75 శాతం సరుకులు, సేవలు మన దగ్గరే కొనాలన్న షరతు ఉంటుంది. నీ వ్యాసంలో ఇవేవీ లేవు, "మానవత్వం" మాత్రం ఏడుసార్లు ఉంది.

నన్ను ఇప్పటికీ వదలని సంగతి భూటాన్‌ది. 2013 జూలైలో అక్కడ ఎన్నికలకు కొద్దిరోజుల ముందు మనం వంటగ్యాస్, కిరోసిన్ సబ్సిడీ ఆపేశాం. భూటాన్ పంచవర్ష ప్రణాళిక గడువుతో పాటే సబ్సిడీ గడువూ ముగిసిందన్నారు అధికారులు. అంతకుముందు ఏడాది భూటాన్ ప్రధాని బ్రెజిల్‌లోని రియోలో చైనా ప్రధానిని కలిశారు, దానికి ఇది జవాబని భూటాన్ జనం అనుకున్నారు. రాజధాని థింపూలో గ్యాస్ బండ ధర ఒక్కసారిగా పెరిగింది. పాలకపక్షం ఓడింది, ఆ తర్వాత సబ్సిడీ తిరిగొచ్చింది. ఒక ఇల్లాలు ఖాళీ బండ పక్కన నిలబడి లెక్క వేసుకోవడంతో మొదలుపెట్టి దీనిమీద వ్యాసం రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు "అంకెలు బోరండీ" అని సబ్సిడీ పేరాలు మొత్తం కోసేసి, పైన బౌద్ధారామం ఫోటో వేశాడు. వ్యాసం కాస్తా టూరిస్టు కరపత్రమైంది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఈమధ్య అందరూ "ఎమోషన్ ఉండాలి" అంటున్నారు. ఆ ఇల్లాలి లెక్కలో లేని ఎమోషన్ ఇంకెక్కడుందో నాకర్థం కాదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడో పేరా కొట్టేయ్. విదేశాంగ శాఖ బడ్జెట్ పద్దుల్లో విదేశీ సాయం పట్టిక దగ్గర పెట్టుకుని, ఐదేళ్లలో ఏ దేశం అంకె ఎప్పుడు ఎందుకు మారిందో చూసి, మాలేలోనో థింపూలోనో ఉన్న ఆర్థికమంత్రి కుర్చీలో కూర్చుని మళ్లీ రాయి. పంపితే ఆ రోజే చదువుతాను.

నీ శ్రేయోభిలాషి