గెర్‌స్టెకర్‌ని తెలుగు చేస్తానన్న మనవరాలికి

చిన్నీ,

లైప్‌జిగ్‌లో పాత పుస్తకాల కొట్లో జర్మన్ రచయిత గెర్‌స్టెకర్ నవల దొరికిందనీ, దాన్ని తెలుగు చేస్తాననీ నువ్వు పెట్టిన మెసేజ్ మీ అమ్మమ్మకి కూడా చదివి వినిపించాను. తప్పకుండా చెయ్యి తల్లీ. కానీ ముందు ఆ నవల పక్కన పెట్టి ఆయన డైరీ చదువు.

హాంబర్గ్‌లో పుట్టిన ఆ ఫ్రీడ్రిష్ గెర్‌స్టెకర్ 1837లో, ఇరవై దాటీ దాటకుండానే అమెరికా ఓడెక్కాడు. స్టీమర్ బాయిలర్లో కట్టెలేశాడు, చెట్లు కొట్టాడు, ఆర్కాన్సాస్ అడవుల్లో వేటాడి పొట్టపోసుకున్నాడు, ఇవన్నీ డైరీలో రాసి అమ్మకి పంపేవాడు. ఆరేళ్లకి, 1843లో ఇంటికొచ్చి చూస్తే ఆ రాతలు పత్రికలో అచ్చయి ఉన్నాయి! తనకే తెలియకుండా రచయిత అయిపోయాడు. నీకు దొరికిన 'ఆర్కాన్సాస్ రెగ్యులేటర్లు' నవల ఆ తర్వాత, 1846లో వచ్చింది.

అందుకే వేట, వంట, కట్టెల పని వచ్చినచోట కథ ఆగినట్టనిపించినా కత్తిరించకు. నా మొదటి అనువాదంలో సంపాదకుడు అడిగాడని వడ్రంగి పనిముట్ల పేజీలు తీసేశాను, ఇప్పటికీ ఆ పుస్తకం తెరవాలంటే మనసొప్పదు.

పాత అచ్చయితే ఫ్రాక్టూర్ అనే పాతకాలపు జర్మన్ అచ్చు అక్షరాలుంటాయి. అందులో పొడుగు 'ఎస్'కీ, 'ఎఫ్'కీ మధ్య అడ్డగీత ముక్కే తేడా, మన ధ, థ లకి పొట్టలో చుక్కలాగే. పదిహేను రోజులు రోజుకో పేజీ పైకి చదువు, కన్ను దానంతటదే అలవాటు పడుతుంది.

రెగ్యులేటర్ అంటే మనవాళ్లకి ఫ్యాన్‌దే గుర్తొస్తుంది. గుర్రాల దొంగల్ని కోర్టుల కోసం చూడకుండా తామే పట్టి శిక్షించిన సెటిలర్లు వాళ్లు. రక్షకభటులు అని మాత్రం రాయకు, పోలీసులనుకుంటారు. పేరు అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట వాక్యంలోనే అర్థం కలిపెయ్యి.

బానిసల గురించీ, అక్కడి మూలవాసుల గురించీ ఆ కాలపు యూరపువాడి చూపు కనిపిస్తుంది. నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. అయినా మెత్తబరచకు, ఆయన మాట ఆయనదిగానే ఉండనీ, నీ మాట ముందుమాటలో చెప్పు.

పది పేజీలయ్యాక ఫైల్ పంపకు, ఫోన్లో చదివి వినిపించు. ఎక్కడ అడ్డు తగిలితే అక్కడ ఆపుతాను. ఇప్పుడు చలికాలం కాబట్టి మీకు సాయంత్రం నాలుగున్నరైతే మాకు రాత్రి తొమ్మిది. అప్పటికి నా భోజనం అయిపోతుంది.

మీ తాతయ్య