ఏడాదికి 30 పుస్తకాలు సరే, అందులో 10 ‘ఎలా రాయాలి’ పుస్తకాలెందుకు?

మీరు అడిగింది ఇదీ: నిరుడు 40 పుస్తకాలు చదవాలనుకుని 17 దగ్గర ఆగిపోయారు. ఈ ఏడు 30 పెట్టుకున్నారు. అందులో 10 రచన నేర్పే పుస్తకాలు ఉండాలంటున్నారు. ఏవి చదవాలి, ఏ వరసలో చదవాలి, ఆడియోలో వింటే లెక్కలోకి వస్తుందా అన్నవి మీ సందేహాలు. నా మటుకు 30 ఎక్కువ కాదు, ఆ 10 మాత్రం ఎక్కువ. నాలుగు చాలు.

ముందు లెక్క చూద్దాం. పుస్తకానికి సగటున 250 పేజీలు అనుకుంటే 30 పుస్తకాలంటే 7500 పేజీలు. ఏడాదిలో 365 రోజులూ చదువుతామని ఎవరూ అనుకోకూడదు. జ్వరాలు, ప్రయాణాలు, పెళ్లిళ్లు, ఆఫీసు పని పోను 300 రోజులు వేసుకోండి. రోజుకు 25 పేజీలు వస్తాయి. ఇంగ్లిష్ నాన్‌ఫిక్షన్‌ని పెద్దవాళ్లు మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 238 మాటలని 2019లో మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ బ్రిస్‌బార్ట్ పాత అధ్యయనాలన్నీ కలిపి తేల్చారు. పేజీకి 300 మాటల చొప్పున 25 పేజీలకు అరగంట పైన రెండు నిమిషాలు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంకాస్త పడుతుంది, ముప్పావుగంట అనుకోండి. అంటే నిరుడు పెట్టుకున్న 40 కూడా కాగితం మీద అసాధ్యమేమీ కాదు. అయినా బండి ఎందుకు ఆగిందంటే, అన్ని పేజీలూ ఒకే వేగంతో కదలవు. రచన నేర్పే పుస్తకంలో ఒక పేజీ చదవడానికి నిమిషం చాలు. ఆ పేజీ చెప్పిన పని చేయడానికి గంట కావాలి. లక్ష్యం వెనకబడుతోందని తెలియగానే మనం మొదట దాటేసేది ఆ గంటనే. ఇక మిగిలేది సలహాల జ్ఞాపకం ఒక్కటే.

దీనికి పెద్ద ఉదాహరణ జూలియా కామెరాన్ ‘ది ఆర్టిస్ట్స్ వే’ (1992). అది 12 వారాల కార్యక్రమం. వారానికో అధ్యాయం చదవాలి, రోజూ పొద్దున్నే చేత్తో మూడు పేజీలు రాయాలి. 84 రోజులు, 252 పేజీల చేతిరాత. మీ జాబితాలో అది ‘ఒక పుస్తకం’. రెండు వారాంతాల్లో చదివేసి టిక్కు పెట్టుకుంటే, కొన్నది ఒకటి, వాడింది మరొకటి. ఏడాదికి నాలుగే పెట్టుకునేవాళ్లు దీన్ని ఈసారికి పక్కన పెట్టడమే మంచిది.

ఏ నాలుగు అన్నది మీ రాత ఎక్కడ ఆగుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎవరో ఇచ్చిన ‘టాప్ టెన్’ పట్టుకుని వరసగా చదివితే జరిగేది ఏమిటంటే, మూడో పుస్తకానికొచ్చేసరికి సలహాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కథకు ముందే ప్లాట్ గీసుకోవడాన్ని స్టీఫెన్ కింగ్ నమ్మరు. ఒక పరిస్థితిలో మనుషుల్ని పెట్టి ఏం చేస్తారో చూడమంటారు. జాన్ మెక్ఫీ దానికి పూర్తిగా ఎదురు. సేకరించినదంతా కార్డుల మీదకెక్కించి, అవి ఏ వరసలో కూర్చుంటాయో తేలాకే ఆయన రాయడానికి కూర్చుంటారు. ఇద్దరూ సరైనవాళ్లే. ఒకరు నవల గురించి చెబుతున్నారు, ఇంకొకరు వ్యాసం గురించి. మీరు ఏది రాస్తున్నారో తెలియకుండా చదివితే ఇద్దరి మధ్యా నలిగిపోతారు.

అసలు కూర్చోవడమే కుదరనివాళ్లకు: ఆన్ లామట్ ‘బర్డ్ బై బర్డ్’ (1994), లేదా డొరోథియా బ్రాండ్ ‘బికమింగ్ ఎ రైటర్’ (1934). లామట్ సారం రెండు ముక్కల్లో వస్తుంది. మొదటి ప్రతి చెత్తగానే ఉండనివ్వండి, ఒక కూర్చోవడంలో ఒక్క అంగుళం ఫోటో ఫ్రేములో పట్టేంతే రాయండి. ధైర్యం చెప్పే పుస్తకం. టెక్నిక్ కోసం వెతికితే పెద్దగా దొరకదు. బ్రాండ్ కాస్త కఠినం. లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, ఏమీ చదవకముందే రాయమంటారు. అది అలవాటయ్యాక రోజూ ఒక టైము ముందే నిర్ణయించుకుని, ఆ నిమిషానికి ఎక్కడున్నా 15 నిమిషాలు రాయమంటారు. పదేపదే తప్పుతుంటే రాయడమే మానుకోమంటారు. 90 ఏళ్ల నాటి పుస్తకమైనా ఫోన్ చూసుకుంటూ లేచేవాళ్లకు ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

మొదలుపెట్టి ముగించలేనివాళ్లకు కింగ్ ‘ఆన్ రైటింగ్’ (2000). మొదటి భాగం ఆత్మకథ. రాత పని నేర్పడం ‘టూల్‌బాక్స్’ భాగంతో మొదలవుతుంది. అందులో మీకు కావలసిన అంకెలు మూడు. కొత్తవాళ్లకు రోజుకు 1000 మాటలు, వారానికి ఒక రోజు సెలవు. ముగించిన ప్రతిని కనీసం ఆరు వారాలు సొరుగులో పడేయడం. తీశాక 10 శాతం కోయడం, అంటే 3000 మాటల కథ 2700కు రావాలి. తెలుగులో రాసేవాళ్లు మొదటి అంకెను తగ్గించుకోవాలి. ఇంగ్లిష్‌లో మూడు మాటలయ్యే ‘ఇన్ ద హౌస్’ మనకు ‘ఇంట్లో’ అనే ఒక్క మాట. 1000ని అలాగే ఎత్తుకొచ్చి పెట్టుకుంటే పదో రోజుకే నీరసం వస్తుంది. 500 నుంచి 600 దగ్గర మొదలుపెట్టండి.

ఆ ఆరు వారాల విరామాన్ని చాలామంది వృథా అనుకుంటారు. మీ 30 పుస్తకాల లక్ష్యంలో దాదాపు పావు వంతు పూర్తయ్యేది సరిగ్గా అక్కడే. రాతప్రతి సొరుగులో ఉన్నన్నాళ్లూ రాయాల్సిన ఒత్తిడి ఉండదు కాబట్టి రోజుకు 25 కాదు, 40 పేజీలు లాగొచ్చు. ఆరు వారాలంటే 42 రోజులు, రోజుకు 40 చొప్పున 1680 పేజీలు, దాదాపు ఏడు పుస్తకాలు. అయితే ఆ రోజుల్లో రచన గురించిన పుస్తకాలు ముట్టుకోకండి. కథలు, నవలలు, చరిత్ర, ఏదైనా చదవండి. లేకపోతే సొరుగులో ఉన్న ప్రతిని బుర్రలో దిద్దుతూనే ఉంటారు, ఆరు వారాల తర్వాత కొత్త కళ్లతో చూడటం కుదరదు.

వాక్యాలు బరువుగా నడిచేవాళ్లకు విలియమ్ జిన్సర్ ‘ఆన్ రైటింగ్ వెల్’ (1976). మొత్తం ఒకేసారి చదవక్కర్లేదు. మొదట్లో వచ్చే సింప్లిసిటీ, క్లటర్ అనే అధ్యాయాలు చాలు, ఒక నెల పని ఉంటుంది. తన సొంత రాతప్రతి పేజీలను కొట్టివేతలతో సహా అచ్చు వేశారు, వాటి దగ్గర ఆగి చూడండి. ఆయన పద్ధతి సులువు. పని చేయని ప్రతి మాట చుట్టూ బ్రాకెట్ పెట్టడం, కొట్టేయడం కాదు. కొట్టేస్తే వాదన మొదలవుతుంది. బ్రాకెట్ పెడితే అది లేకుండా వాక్యం చదివి చూసుకోవచ్చు. తెలుగులో ఆ బ్రాకెట్లు ఎక్కడ పడతాయో ఒక వాక్యంలో చూపిస్తాను:

సమావేశంలో అధ్యక్షుల [వారి చేత] పుస్తకం [యొక్క] ఆవిష్కరణ [చేయడం జరిగింది].

బ్రాకెట్లు తీసేసి ముక్కలు అతికిస్తే: సమావేశంలో అధ్యక్షులు పుస్తకాన్ని ఆవిష్కరించారు. తొమ్మిది మాటలు నాలుగయ్యాయి, పోయిన సమాచారం ఏమీ లేదు. అలాగే ‘ఆ ఊరు ఒక పెద్ద చెరువును కలిగి ఉంది’ అన్నది ‘ఆ ఊళ్లో పెద్ద చెరువుంది’ అవుతుంది. మీ పాత వ్యాసం ఒకటి తీసి ‘జరిగింది’, ‘యొక్క’, ‘అనేది’, ‘ఒక’, ‘ద్వారా’, ‘కలిగి’ అనే ఆరు మాటల్ని వర్డ్‌లో వెతికించండి. దొరికిన ప్రతిచోటా తీసేయాలని కాదు. ‘ప్రమాదం జరిగింది’లో ‘జరిగింది’ తన పని తను చేస్తోంది. ‘పరిశీలించడం జరిగింది’లో చేయట్లేదు. మొదటి ప్రతుల్లో సగం కోసినా నష్టం లేదంటారు జిన్సర్. కింగ్ 10 శాతం అంటారు కదా అని తికమక పడొద్దు. కింగ్ చెప్పేది కథ మొత్తం నిడివి గురించి, జిన్సర్ చెప్పేది వ్యాసంలో వాక్యాల కొవ్వు గురించి.

ఇక్కడే స్ట్రంక్, వైట్‌ల ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ సంగతి. ప్రతి జాబితాలో ఉంటుంది, చిన్న పుస్తకం కాబట్టి లెక్క పెంచుకోవడానికి ఆశ పెడుతుంది కూడా. కానీ అందులో సింహభాగం ఇంగ్లిష్ కామాలు, ఇంగ్లిష్ పదప్రయోగాలు. తెలుగులో రాసేవాళ్లకు దాన్నుంచి దక్కేది అక్కర్లేని మాటలు తీసేయమన్న ఒక్క సూత్రమే. అది జిన్సర్ దగ్గర ఇంకా బాగా దొరుకుతుంది.

చెవికి ఇంపుగా రాయాలనుకునేవాళ్లకు అర్సులా లెగ్విన్ ‘స్టీరింగ్ ద క్రాఫ్ట్’. 1998 నాటి పుస్తకాన్ని ఆవిడే 2015లో తిరగరాశారు, ఆ కొత్తది తీసుకోండి. ఇది చదివే పుస్తకం కాదు, చేసే పుస్తకం. విశేషణాలు, క్రియావిశేషణాలు లేకుండా ఒక పేజీ వర్ణన రాయమనే అభ్యాసం ఒక్కటి చేస్తే పుస్తకం ఖరీదు గిట్టినట్టే. తెలుగులో దీని దెబ్బ ‘-గా’ మీద పడుతుంది. ‘గట్టిగా అరిచాడు’లో గట్టిగా ఎందుకు, అరుపంటేనే గట్టిది. ‘నెమ్మదిగా నడిచాడు’కు మాత్రం వేరే క్రియ వెతుక్కోవాలి, దేకాడా, ఈడ్చుకుంటూ వెళ్లాడా, తచ్చాడాడా. వెతికే ఆ పదినిమిషాలే అభ్యాసం. ఏడు మాటలు మించని చిన్న వాక్యాలతో పేరా రాయమనే అభ్యాసం కూడా ఉంది. మనకు అది నాలుగైదు మాటలని పెట్టుకుంటేనే అసలు ఇబ్బంది తెలుస్తుంది. ఒంటరిగా చేస్తే మూడో వారానికి మానేస్తారు కాబట్టి నలుగురైదుగురు కలిసి చేయండి. అందరూ అభిప్రాయాలు చెబుతున్నంతసేపూ రాసినవారు నోరు మెదపకూడదన్న ఆవిడ నియమాన్ని సడలించకండి. రాసినవారు సంజాయిషీ మొదలుపెట్టిన క్షణం నుంచి మిగతావాళ్లు మర్యాదకు మాట్లాడతారు.

పెద్ద వ్యాసాలు రాసేవాళ్లకు మెక్ఫీ ‘డ్రాఫ్ట్ నంబర్ ఫోర్’ (2017). 36 కార్డుల్ని ప్లైవుడ్ మీద పరిచి వరస వెతుక్కున్న వైనం ‘స్ట్రక్చర్’ అన్న వ్యాసంలో ఉంది, ముందు అదే చదవండి. నాలుగో ప్రతిలో ఆయన సరిగ్గా అతకని మాట చుట్టూ, అతికినా ఇంకా మంచిది దొరుకుతుందనిపించిన మాట చుట్టూ గడి గీసి నిఘంటువు తీస్తారు. మనకు ఆంధ్రభారతి సైట్లో ఒక మాట కొడితే శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు వగైరా ఒకేచోట వెతుకుతుంది. పేజీకి మూడు గడులు మించితే ఆగండి, పాండిత్యం పొంగిపోతుంది.

కథకులకైతే జార్జ్ సాండర్స్ ‘ఎ స్విమ్ ఇన్ ఎ పాండ్ ఇన్ ద రెయిన్’ (2021). ఏడు రష్యన్ కథలు పూర్తిగా ఇచ్చి, ప్రతిదాని మీదా పాఠం. మొదటి కథను ఒక్కో పేజీ దగ్గర ఆపి, ఇప్పటికి ఏం తెలిసింది, ఏం ఎదురుచూస్తున్నావని అడుగుతారు. వారానికో కథ చొప్పున ఏడు వారాలు పెట్టుకోండి. తెలుగు కథలే ఉదాహరణలుగా కావాలంటే వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ ఉండనే ఉంది, 1999లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నిజానికి తెలుగులో కథలు రాసేవాళ్లు దాన్ని ఐచ్ఛికంగా తీసుకోకూడదు.

ఇక ఏడాదిని ఎలా పంచాలంటే, మూడు నెలలకో పుస్తకం. మొదటి మూడు వారాలు చదవడం, తర్వాత నాలుగు వారాలు అభ్యాసాలు, మిగతా ఆరు వారాల్లో మీ సొంత రచన. ఒక్కో రచన పుస్తకానికి మీరు రాయాలనుకునే కోవలోవి మూడు జత చేయండి. యాత్రా వ్యాసాలు రాయాలంటే మూడు యాత్రా పుస్తకాలు. అలా 4, 12 కలిపి 16. మిగతా 14 మీ ఇష్టం. అవి నచ్చకపోతే సగంలో వదిలేయండి. లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన కొలత బాగుంటుంది: 50 ఏళ్ల లోపువాళ్లు 50 పేజీలు చూసి నిర్ణయించుకోవాలి, ఆ పైవాళ్లు 100లోంచి వయసు తీసేసి అన్ని పేజీలు. ముందుకు సాగని ఒక పుస్తకం పట్టుకుని ఆరు వారాలు కూర్చోవడం వల్లే చాలా లక్ష్యాలు మార్చి నెలలోనే చచ్చిపోతాయి.

నోట్స్ విషయంలో ఒకటే జాగ్రత్త. ఈ-బుక్‌లో రంగు పూయడం సులువు కాబట్టి 200 హైలైట్లు పోగవుతాయి, ఎవరూ తిరిగి చూడరు. అధ్యాయం అవగానే పుస్తకం మూసి, మీ మాటల్లో మూడు వాక్యాలు రాయండి. నాలుగో వాక్యంగా, ఇది మీ ఏ రచనలో ఏ పేరాని మారుస్తుందో రాయండి. ఆ నాలుగోది తట్టకపోతే ఆ అధ్యాయం ఇప్పటికి మీకు అక్కర్లేదు.

చదివినవాటి లెక్క రాసుకునే గుడ్‌రీడ్స్ సైటు వాడుతుంటే అది పుస్తకాల్నే లెక్కపెడుతుంది, మీరు ఎన్ని పుస్తకాలు వెనకబడ్డారో గుర్తుచేస్తూ ఉంటుంది. ఏడాది మధ్యలో అంకె మార్చుకోవచ్చు, మార్చుకోండి, ఎవరూ అడగరు. అలాంటిదే అయిన స్టోరీగ్రాఫ్‌లో పేజీల లక్ష్యం, గంటల లక్ష్యం కూడా పెట్టుకోవచ్చు, లావుపాటి పుస్తకాలు చదివేవాళ్లకు అదే న్యాయం. రెండింట్లోనూ మీరు రాసిన మాటల గడి ఉండదు కాబట్టి దానికి విడిగా ఒక నోట్‌బుక్కో ఎక్సెల్ షీటో పెట్టుకోండి. తేదీ, చదివిన పేజీలు, రాసిన మాటలు, ఈ మూడు నిలువు వరసలు చాలు. మూడో వరస పది రోజులు ఖాళీగా ఉంటే కొత్త రచన పుస్తకం తెరవకూడదన్నది నియమం.

ఆడియో గురించి: మీ ఇష్టం వచ్చిన 14లో ఎన్నయినా వినండి, లెక్క వేసుకోండి. రచన పుస్తకాల్లో లామట్, కింగ్ వినడానికి పనికొస్తాయి. కింగ్ తన పుస్తకాన్ని తనే చదివారు, ఆత్మకథ భాగం ఆ గొంతులో బాగుంటుంది. కానీ చివర్లో ఒక కథను దిద్దకముందు, దిద్దిన తర్వాత చూపించే పేజీలుంటాయి, వాటికి అచ్చు ప్రతి కావాల్సిందే. జిన్సర్ కొట్టివేతలు, మెక్ఫీ బొమ్మలు, లెగ్విన్ అభ్యాసాలు చెవులతో అయ్యే పని కాదు, వాటిని కాగితం మీదే తీసుకోండి.