సీరియల్లో వేషం వేస్తే సినిమా తలుపులు మూసుకుపోతాయా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీలో నాటకాలు వేస్తుంటాడు. నటుడినే అవుతానని, అదీ సినిమాల్లోనే అని పట్టుబట్టాడు. ఈమధ్య ఓ సీరియల్లో చిన్న వేషానికి పిలుపొస్తే, ‘టీవీ ముద్ర పడితే సినిమాల్లో తీసుకోరు’ అని స్నేహితులు చెప్పారట, వద్దనేశాడు. నాటకాలతో ఇల్లు గడవదని మా భయం. ఏం చేయమంటారు?
– ఓ తండ్రి

జవాబు: అలాంటి పిలుపు మళ్లీ వస్తే తప్పకుండా చేయమనండి. టీవీ ముద్ర అనే మాటలో కొంత నిజముంది. ఒకే డైలీ సీరియల్లో ఏళ్ల తరబడి ప్రధాన పాత్ర వేసినవాళ్లను జనం ఆ పాత్ర పేరుతోనే పిలుస్తారు. అలాంటి ముఖాన్ని తీసుకోవడానికి సినిమా దర్శకులు వెనకాడవచ్చు. నాలుగైదు ఎపిసోడ్ల వేషానికి ఆ బెంగ అక్కర్లేదు. హిందీ నటుడు ఇర్ఫాన్ ఖాన్ సంగతే చూడండి. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదువుకుని, 1988లో తొలి సినిమా చేస్తే, ఎడిటింగ్‌లో ఆయన పాత్ర చాలావరకు పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయనకు పని ఇచ్చింది టీవీ సీరియళ్లే. సినిమాల్లో గట్టిగా నిలదొక్కుకునేసరికి 2003 వచ్చింది. ఆ మధ్యకాలమంతా ఆయన కెమెరా ముందే ఉన్నారు.

నాటకం, టీవీ, సినిమా ఒకదాని మీద ఒకటి ఉన్న మెట్లని మీ అబ్బాయి అనుకుంటున్నట్టుంది. అవి మూడు వేర్వేరు పనులు. నాటకంలో తెర లేచాక కట్ చెప్పేవాళ్లుండరు. పాత్ర మొదటి మాట నుంచి చివరి మాట దాకా నటుడి చేతిలోనే ఉంటుంది. చివరి వరుసకు కూడా వినిపించేలా పలకాలి, ఎదుటివాడు మాట మరిచిపోతే అల్లుకుపోవాలి. నటుడికి గొంతు, ఊపిరి, ధైర్యం అక్కడే వస్తాయి.

డైలీ సీరియల్ అంతా వేగం. సీన్ పేపరు చాలాసార్లు సెట్‌కి వెళ్లాకే చేతికొస్తుంది. పక్కనుంచి అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగు అందిస్తూ ప్రాంప్టింగ్ చెబుతుంటే అందుకుని పలికేయాలి, చాలామందికి వేరేవాళ్లు డబ్బింగ్ చెబుతారు. కెమెరా భయం పోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. చెడు కూడా ఇక్కడే ఉంది. ప్రాంప్టింగ్‌కి అలవాటుపడితే డైలాగు నేర్చుకునే ఓపిక పోతుంది, ఎదుటివాళ్ల మాటకు ముఖం చూపించే ప్రతి రియాక్షన్ షాట్‌కీ అవే రెండు మూడు ముఖకవళికలు వచ్చేస్తాయి. అందుకే సీరియల్ చేస్తున్న రోజుల్లోనూ ఏడాదికి ఒక నాటకమైనా వేయమని నేను గట్టిగా చెబుతాను.

సినిమాలో కథ వరుసగా తీయరు. చివరి సీను మొదటి రోజే రావచ్చు. ఒక చిన్న షాట్ సంగతి చెబుతాను. పాత్ర కాఫీ తాగుతూ మాట్లాడుతుంది. దూరం నుంచి తీసే వైడ్ షాట్‌లో ‘నాన్నా’ అన్న మాట దగ్గర కప్పు కింద పెడితే, గంట తర్వాత ముఖం దగ్గరగా చూపే క్లోజప్ తీసేటప్పుడూ సరిగ్గా అదే మాట దగ్గర, అదే చేత్తో పెట్టాలి. లేకపోతే ఎడిటింగ్‌లో రెండు షాట్లు అతకవు. అలా పెడుతూనే కళ్లలో బాధ మొదటిసారి కలిగినట్టుండాలి. స్టేజీ మీద అలవాటైన పెద్ద గొంతు, పెద్ద చేతులు క్లోజప్‌లో అతిగా కనిపిస్తాయి. నాటకం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు, కొన్నాళ్లకు సర్దుకుంటారు.

చదువు విషయానికొస్తే, డిగ్రీ మధ్యలో ఆపనివ్వకండి. 1959లో మొదలైన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమాకి డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతారు. హిందీ, ఇంగ్లిష్ పనికొచ్చేంతగా రావాలి. ఎంపికైనవాళ్లకు స్టైపెండ్ ఇస్తారు. తెలుగు నేల విడిచి వెళ్లడం ఇష్టం లేకపోతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో పీజీ ఉంది. కెమెరా నటనే కావాలంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏదైనా సీట్లు బాగా తక్కువ, పోటీ ఎక్కువ. ఈలోగా ఓ నాటక సమాజంలో చేరి, పరిషత్తులు పెట్టే నాటక పోటీలకు వెళ్లమనండి. అప్లికేషన్‌లో రాసుకోవడానికి ఆ అనుభవమే కావాలి.

ఇల్లు గడవదన్న మీ భయం నిజమైనదే. తెలుగు నాటకం ఒక్కదానితో బతకడం కష్టం. మన గొప్ప నటుల్లో చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూనే నాటకాలాడారు. కోట శ్రీనివాసరావు బ్యాంకు ఉద్యోగి. జయప్రకాశ్ రెడ్డి బడిలో పాఠాలు చెప్పారు. ఆయన సినిమాల్లో అంత పేరొచ్చాక కూడా ఒక్కడే స్టేజీ మీద నిలబడి ‘అలెగ్జాండర్’ నాటకం ఆడారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మీ అబ్బాయి బీకాం చదువుతున్నాడు కాబట్టి, షూటింగ్ ఉన్న రోజు సెలవు దొరికే అకౌంట్స్ పని చూసుకోవచ్చు. గొంతు బాగుంటే డబ్బింగ్ ఉంది, పిల్లలకు నటన నేర్పే పని ఉంది.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. వేషం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వొద్దు. నటులను ఎంపిక చేసే కాస్టింగ్ డైరెక్టర్‌కి జీతం నిర్మాణ సంస్థ ఇస్తుంది. వేషాలు కుదిర్చిపెట్టే కోఆర్డినేటర్ కమీషన్ తీసుకున్నా, అది నటుడికి పారితోషికం అందాక అందులోంచి తీసుకునేదే. వేల రూపాయల పోర్ట్‌ఫోలియో, అంటే ఫొటోల ఆల్బమ్, కూడా ఇప్పుడే వద్దు. మేకప్ లేని నాలుగు ఫొటోలు, తెల్లగోడ ముందు ఫోన్ అడ్డంగా పెట్టి తీసిన నిమిషం వీడియో చాలు.

మూడేళ్లు గడువు పెట్టుకోండి. ఆ తర్వాత ఎంత పేరొచ్చిందని లెక్క చూడకండి. ఒకసారి పనిచేయించుకున్న దర్శకుడు రెండోసారి పిలుస్తున్నాడా అని చూడండి. నాటకంలోనైనా, సీరియల్లోనైనా అలా పిలుస్తుంటే మరో మూడేళ్లు ఇవ్వండి. అన్నిచోట్లా ఒక్కసారితోనే ఆగిపోతుంటే, ఉద్యోగం ముందు, నటన ఆదివారాల్లో అన్న మాట అప్పుడు ఎత్తండి.