ఫోటో మీద 1970, ఉదయం 5.30: ఎక్కడిదీ తేదీ?

ప్రశ్న: తణుకులో మాకు చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. బిల్లింగ్ కంప్యూటర్ పాతది, రోజూ పొద్దున ఆన్ చేయగానే ఎప్పటిదో తేదీ చూపిస్తోంది, బ్యాంకు సైట్ తెరవబోతే కనెక్షన్ సురక్షితం కాదంటోంది. పైగా ఫోన్ మార్చాక కొన్ని ఫోటోల మీద 1970 జనవరి 1, ఉదయం 5.30 అని పడింది. నేను పుట్టిందే 1984లో! వైరస్ చేరిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వైరస్ కాదండీ, ఆ టెన్షన్ వదిలేయండి. ఇవి రెండూ వేర్వేరు సంగతులు.

షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేస్తారు కదా, అప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ. అది అయిపోయినట్టుంది. రాత్రంతా గడియారం ఆగిపోయి, పొద్దున మళ్లీ ఏదో పాత తేదీ నుంచి మొదలవుతోంది. బ్యాంకు సైటుకు ఉండే సర్టిఫికెట్, అంటే అది అసలు సైటేనని చెప్పే గుర్తింపు పత్రం, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకే చెల్లుతుంది. మీ కంప్యూటర్ లెక్కలో అది ఇంకా పుట్టనే లేదు, అందుకే బ్రౌజర్ ఒప్పుకోవడం లేదు. ప్లగ్ తీసేసి, బ్యాటరీ మార్చి, తేదీ సరిచేయండి. తప్పు తేదీతో పడ్డ బిల్లులు మాత్రం ఒకసారి వెతికి చూసుకోండి, జీఎస్టీ దగ్గర ఇబ్బంది పెట్టేవి అవే.

ఆ గడియారంలో ఉండేది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెనే ఎందుకంటే, సగం చేసుకుంటూ పోతే సరిగ్గా పదిహేనోసారికి ఒకటి వస్తుంది, అంటే సెకనుకు ఒక టిక్కు. అయినా రోజుకు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ అవుతుంది కాబట్టి నెట్ ఉన్నప్పుడు కంప్యూటర్, సరైన సమయం చెప్పే టైమ్ సర్వర్‌ని అడిగి సరిచేసుకుంటుంది. అడిగి జవాబు వచ్చేలోపు ఎంతసేపు పట్టిందో కూడా కొలిచి, అందులో సగం కలుపుకుంటుంది. నాకు భలే నచ్చే పద్ధతి ఇది.

ఇక ఫోటోలు. ఫోన్ లోపల తేదీ, నెల, సంవత్సరం అని విడివిడిగా నడవవు. 1970 జనవరి 1న గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్న ఒక్క అంకె పెరుగుతూ పోతుంది, తేదీ కావాల్సినప్పుడల్లా దాన్నుంచి కట్టుకుంటుంది. మన పంచాంగకర్తలు కలియుగం మొదటి రోజు నుంచి రోజులు లెక్కగట్టే అహర్గణం లాంటిదే, ఇక్కడ సెకన్లు, అంతే తేడా. మీ ఫోటోలు కాపీ అయినప్పుడు తేదీ పోయి ఆ చోట సున్నా పడి ఉంటుంది. సున్నా అంటే గ్రీనిచ్‌లో అర్ధరాత్రి, మనం ఐదున్నర గంటలు ముందున్నాం కాబట్టి ఉదయం 5.30. అదే ఫోటో డల్లాస్‌లో తెరిస్తే 1969 డిసెంబర్ 31, సాయంత్రం 6 గంటలు! కెమెరాతో తీసినవైతే వివరాల్లో అసలు తేదీ దొరకవచ్చు, వాట్సాప్‌లో వచ్చినవైతే ఫైలు పేరులోని అంకెలు చూడండి.

ప్రశ్న: 2038లో కంప్యూటర్లు ఆగిపోతాయని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అన్నీ ఆగిపోవు గానీ మీవాడు గాలి కబురు చెప్పలేదు. ఆ సెకన్ల అంకెను 32 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడుల్లో, దాచే పాత పద్ధతిలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. మన టైమ్ ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండిపోతుంది. మరుసటి సెకనుకు అంకె మైనస్‌లోకి పోయి తేదీ 1901 డిసెంబర్ అయిపోతుంది. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు 64 బిట్లకు మారాయి, అందులో 29,000 కోట్ల ఏళ్లకు పైగా పడతాయి. నా గుబులంతా ఒకసారి బిగించి మరచిపోయే వాటి గురించే, ఫ్యాక్టరీల్లో పాత కంట్రోలర్లు, సీసీ కెమెరాల రికార్డింగ్ డబ్బాలు. ఇంకొకటి, ఇవాళ 20 ఏళ్లకు హోమ్ లోన్ తీసుకుంటే ఆఖరి వాయిదా 2038 తర్వాతే పడుతుంది, అంటే ఆ సాఫ్ట్‌వేర్ ఈ గండం ఇప్పుడే దాటాలి. పక్కన పడేసిన పాత కెమెరా డబ్బా ఏదైనా ఇంట్లో ఉంటే, రికార్డింగులు వేరేచోట దాచుకుని, తేదీని 2038 జనవరి 19 ఉదయం 8.43కి పెట్టి మీరూ అబ్బాయీ కలిసి చూడండి.